రీజెన్సీ కాలపు గౌనుకి జేబు ఉండేదా? (డ్రెస్సు కుట్టించుకోవాలి, సాయం చేయండి)

మల్లెమొగ్గ
అందరికీ నమస్తే. నేను బ్రిస్టల్‌లో ఉంటాను, ఇక్కడికి బాత్ ఊరు రైల్లో దగ్గరే. అక్కడ ఏటా సెప్టెంబర్‌లో జేన్ ఆస్టెన్ అనే ఇంగ్లీషు నవలా రచయిత్రి పేరు మీద పండగ చేస్తారు, రెండు వందల ఏళ్ళ కిందటి, అంటే రీజెన్సీ కాలపు బట్టలు కట్టుకుని వందల మంది వీధుల్లో ఊరేగింపుగా నడుస్తారు. ఈసారి మేము ఆరుగురం ఫ్రెండ్స్ పేర్లు ఇచ్చేశాం. అద్దెకి తెచ్చుకుంటే ఒక్క రోజుకే చుక్కలు కనిపిస్తున్నాయి, అందుకని వచ్చే నెల ఇంటికొచ్చినప్పుడు కుట్టించుకుని పట్టుకెళ్దామని ప్లాన్. అమ్మ బీరువాలో ఒక పాత తెల్ల వెంకటగిరి చీర ఉంది, సన్నని జరీ అంచు, ఉంగరంలోంచి దూరేంత పల్చన. దాన్ని కత్తిరించొచ్చా, పాపం తగులుతుందా? ఇంకోటి, అసలు ఆ గౌన్లకి జేబులు ఉండేవా? నాకు ఆస్తమా, ఇన్‌హేలర్ ఎప్పుడూ ఒంటి మీదే ఉండాలి.

సూదిదారం_సుజాత
మల్లీ, ఉతికి ఉతికి మెత్తబడిన చీర అయితే కత్తిరించు, బీరువాలో మడతల దగ్గర చిరుగులు పట్టి పోయేకంటే నయం. అయిదున్నర మీటర్ల చీర, నలభై అయిదు అంగుళాల పన్నా, నీ ఎత్తుకి సరిపోతుంది. జరీ అంచుని పాదాల దగ్గరకి తెచ్చుకో. నేను నిరుడు ఒక అమ్మాయికి ఇలాంటిది కుట్టాను, ఫొటో చూసి ఫ్రాకులాగే ఉందిలే అనుకుని మొదలుపెట్టి మూడుసార్లు విప్పాను. తప్పు ఎక్కడంటే, నడుం పట్టీ మన చుడీదార్లకి పెట్టే చోట పెట్టేశాను. ఈ గౌనుకి నడుమే లేదు, ఛాతీ కింద పట్టీ వస్తుంది, అక్కణ్ణుంచి కిందకి బట్ట నిలువుగా జారిపోవాలి. కుచ్చులన్నీ వెనకాల, వెన్ను మధ్యలో కొద్ది మేరే. ముందు వైపు చదును. చేతులు కూడా బాగా వెనక్కి తగిలిస్తారు, వేసుకుంటే భుజాలు వాటంతటవే వెనక్కి పోతాయి. జిప్పూ హుక్కులూ లేవు, మెడకీ పట్టీకీ బొందులే. ముందు ముక్క ఫ్లాపులా కిందకి వేలాడుతుంది, దాన్ని పైకెత్తి గుండుసూదులు పెట్టుకునేవారు. రోజూ గుండుసూదులే! జేబు సంగతి నాకు తెలీదు, మాస్టారు చెప్తారు.

పాత_పుస్తకాల_పురుగు
పిలిచారు కాబట్టి వచ్చాను. ముందు కాలం సంగతి తేల్చుకుందాం, ఈ మధ్య పొడుగు గౌను ఏది కనిపించినా రీజెన్సీ అనేస్తున్నారు. ఇంగ్లండు రాజు మూడో జార్జికి మతి చెడితే ఆయన కొడుకు రాజప్రతినిధిగా పాలించిన కాలం అది, 1811 ఫిబ్రవరి నుంచి రాజు చనిపోయిన 1820 జనవరి దాకా, నికరంగా తొమ్మిదేళ్ళు. బట్టల విషయంలో మాత్రం 1795 ప్రాంతం నుంచే లెక్కపెడతారు, ఎందుకంటే అప్పటికే పాత ఆడంబరం వదిలిపోతోంది. అదే ఏడాది జుట్టుకి పూసుకునే పౌడర్ మీద ఏడాదికి ఒక గినీ (అప్పటి బంగారు నాణెం) పన్ను వేశారు, దాంతో తెల్లబూడిద తలలు చాలామటుకు మాయమయ్యాయి.

ఇక జేబు. అంతకుముందు తరం ఆడవాళ్ళు వెడల్పాటి పరికిణీల కింద నడుముకి తాడు కట్టి రెండు పక్కలా పెద్ద జేబుసంచులు వేలాడదీసుకునేవారు, గౌను పక్కన చీలికలోంచి చెయ్యి పెడితే అందేది. తాళాలు, కత్తెర, రొట్టెముక్క, ఉత్తరం, అన్నీ అందులోనే. గౌను సన్నబడి ఒంటికి అంటుకునేసరికి ఆ సంచీ ఎత్తుగా కనిపించి అసహ్యంగా ఉందని చేతిలో పట్టుకునే చిన్న గుడ్డసంచీ వచ్చింది. దాని పేరు రెటిక్యూల్. వెక్కిరించేవాళ్ళు దాన్ని రిడిక్యూల్ అన్నారు, అంటే నవ్వులపాలు. అయితే జేబుసంచులు పూర్తిగా పోలేదు, పనీపాటా ఉన్న ఆడవాళ్ళు ఆ తర్వాత కూడా కట్టుకున్నారు. కాబట్టి నువ్వు రెండూ చేసుకోవచ్చు తల్లీ, ఎవరూ తప్పు పట్టరు.

చెంచాడు_చక్కెర
మా నాయనమ్మ బొడ్లో దోపుకునే వక్కాకు సంచీ అన్నమాట. ఆవిడా ఫ్యాషనే అయితే.

గోదారి_గట్టు
తెల్ల బట్ట మాట వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి చెప్పకపోతే నిద్ర పట్టదు. నరసాపురం పక్కన మాధవాయపాలెం ఉంది, సఖినేటిపల్లి వెళ్ళే పంటు ఎక్కేది అక్కడే. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళు పదిహేడో శతాబ్దంలోనే అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు, అంటే ఇప్పటి ఫ్యాక్టరీ కాదు, బట్ట కొని గోదాములో దాచి ఓడలెక్కించే చోటు. వాళ్ళ నోటికి మాధవాయపాలెం తిరగక మడపొల్లాం అన్నారు, అక్కడి మెత్తటి నూలుబట్టకీ అదే పేరు పెట్టేశారు. ఇప్పటికీ ఇంగ్లీషు నిఘంటువులో ఆ మాట ఉంది. నేను చిన్నప్పుడు పంటు కోసం గంటలకొద్దీ ఎండలో నిలబడిన రేవు పేరు మీద లండన్ కొట్లలో బట్ట అమ్మారంటే, కాలేజీలో తెలిసినప్పుడు మా ఫ్రెండ్స్ ఎవరూ నమ్మలేదు.

సూదిదారం_సుజాత
అబ్బ, మడపల్లం గుడ్డ అని మా అమ్మ లైనింగ్ బట్టని అనేది! ఆ పేరు ఎక్కడిదో ఇన్నాళ్ళకి తెలిసింది.

నిజం_చేదు
అందరూ మురిసిపోతున్నారు కానీ కథ రెండో సగం కూడా చెప్పుకుందాం. మన కోస్తా అద్దకం బట్టలు, బందరు కలంకారీ లాంటివి, ఇంగ్లండులో ఎంత ఎగబడి కొన్నారంటే అక్కడి ఉన్ని, పట్టు నేసేవాళ్ళు గొడవ చేసి 1721లో అద్దకం నూలుబట్ట కట్టుకోవడమే నేరమని చట్టం చేయించారు. అది 1774 దాకా ఉంది. ఎత్తేసేనాటికి అక్కడ యంత్రాలు సిద్ధం. 1779లో క్రాంప్టన్ మ్యూల్ యంత్రం వచ్చింది, సన్న నూలు తీసే పని చేతి నుంచి పోయి యంత్రానికి వచ్చింది. రీజెన్సీ అమ్మాయి కట్టుకున్న మస్లిన్ అనే పల్చటి నూలుబట్ట మొదట్లో ఢాకాది, తర్వాత తర్వాత మాంచెస్టర్, గ్లాస్గోలది. 1813లో కంపెనీ గుత్తాధిపత్యం తీసేశాక అక్కడి బట్ట మన సంతలకే రావడం మొదలైంది. ఆ యంత్రాలకి పత్తి ఎక్కణ్ణుంచి? అమెరికా దక్షిణాది బానిసల చేతుల నుంచి. బానిసల వ్యాపారం 1807లో నిషేధించారు కానీ బానిసత్వం 1833 దాకా కదల్లేదు, అమెరికాలో ఇంకా తర్వాత. తెల్లగౌను తెలుపు గురించి మాట్లాడేటప్పుడు ఇది కూడా గుర్తుండాలి.

చెంచాడు_చక్కెర
చేదు గారూ, నా పేరు మార్చుకోమంటారా? 😅

నిజం_చేదు
వద్దు, మీకూ ఒక ముక్క ఉంది. అదే ఇంగ్లండులో చాలామంది ఆడవాళ్ళు బానిసలు పండించిన చక్కెర మానేశారు. ఓటు లేదు, ఆస్తి లేదు, కానీ టీలో ఏం వేసుకోవాలో వాళ్ళ చేతిలో ఉంది. 1820ల్లో చక్కెర గిన్నెల మీద 'తూర్పు ఇండియా చక్కెర, బానిసలు చేసింది కాదు' అని రాయించి బల్ల మీద పెట్టుకునేవారు. వచ్చిన చుట్టాలు చదువుకోవాలిగా.

మల్లెమొగ్గ
జేబు అడిగితే ఇంత వచ్చింది! చదువుతూ ట్రైన్‌లో స్టేషన్ దాటేసుకున్నాను. ఇంకో డౌట్, ఓటీటీలో వచ్చే ఆ సీరియల్లో పనిమనిషి వెనకనుంచి తాళ్ళు లాగుతుంటే హీరోయిన్‌కి ఊపిరాడదు. నాకు అసలే ఆస్తమా. అది వేసుకోవాలా తప్పదా?

సూదిదారం_సుజాత
ఆ సీన్ చూసి నాకు ఒళ్ళు మండింది. నడుమే కనపడని గౌనుకి నడుం బిగించి ఎవరికి చూపిస్తారు? లోపల వేసుకునే దాన్ని స్టేస్ అనేవారు, పని ఛాతీని పైకి ఎత్తి పట్టడం, ముందు మధ్యలో ఒక చెక్కబద్ద. పొట్టివి కూడా ఉండేవి, మన స్పోర్ట్స్ బ్రా పొడవు. తాడు దూర్చే కన్నాలు చేత్తో దారంతో కుట్టినవి, గట్టిగా లాగితే బట్టే చిరుగుతుంది. లోహపు కన్నాలు వచ్చింది 1828లో. ఊపిరాడని బిగింపు అంతా తర్వాత తరాల గోల. నువ్వు మంచి బ్రా వేసుకుని పైన నూలు షిమ్మీ, దాని మీద లంగా వేసుకో, చాలు. లంగా మాత్రం తప్పనిసరి, వెంకటగిరి చీర ఎండలో అద్దంలా ఉంటుంది.

రాత్రి_బండి
లంగా లేకుండా, పైగా గౌను తడుపుకుని ఒంటికి అంటించుకుని బాల్ డాన్సుకి వెళ్ళేవాళ్ళని ఎక్కడో చదివాను. అలా చలిలో తడిసి రోగాలొచ్చి చచ్చిపోయారట కదా?

పాత_పుస్తకాల_పురుగు
అది నేనూ నలభై ఏళ్ళు పిల్లలకి చెప్పిన అబద్ధం బాబూ, కాబట్టి దిద్దే బాధ్యత నాదే. గిల్‌రే లాంటి వ్యంగ్య చిత్రకారులు పల్చటి గౌన్ల మీద ఎడాపెడా బొమ్మలు వేశారు, వాటినే తర్వాతి తరాలు సాక్ష్యంగా తీసుకున్నాయి. పారిస్‌లో ఒకరిద్దరు తెగించినవాళ్ళు ఉండొచ్చు. ఇంగ్లండు మామూలు పెద్దింటి అమ్మాయి షిమ్మీ, స్టేస్, లంగా, గౌను, దాని మీద శాలువా లేదా స్పెన్సర్ అనే పొట్టి కోటు, చలి ముదిరితే పెలీస్ అనే పొడుగు కోటు, ఇన్ని వేసుకుని బయల్దేరేది. ఆ స్పెన్సర్ కూడా మొదట మగవాళ్ళదే. స్పెన్సర్ ప్రభువు నిప్పు దగ్గర నిలబడితే కోటు తోకలు కాలాయని, వాటిని కత్తిరించి పారేసి అదే వేసుకు తిరిగాడని కథ చెప్తారు. పెద్దరికం వచ్చిన ఆడవాళ్ళయితే తలపాగా చుట్టేవారు, నిజంగా తలపాగాయే, ఈకలు గుచ్చి మరీ.

చెంచాడు_చక్కెర
శాలువా అన్నారు గనక, మొన్న సికింద్రాబాద్‌లో ఒక చీరల కొట్టులో అబ్బాయి నాకు మామిడి పిందెల డిజైన్ చూపించి 'మేడమ్, ఇది పైస్లీ, ఫారిన్ ప్యాటర్న్' అన్నాడు. నాకు నవ్వాగలేదు. వాడి వెనక గోడ మీద వేలాడే కంచిపట్టులో కూడా అవే పిందెలు.

పాత_పుస్తకాల_పురుగు
అతని తప్పేం లేదు, పిందె తిరిగిన దారి అలాంటిది. కాశ్మీరు శాలువా నేయడానికి ఒక్కోదానికి ఏడాది పైనే పట్టేది. నెపోలియన్ ఈజిప్టు దండయాత్రకి వెళ్ళినప్పుడు అతని సైన్యం వెంట కాశ్మీరు శాలువాలు ఫ్రాన్సు చేరాయి, అతని భార్య జోసెఫీన్ వాటి మీద మోజుపడింది, ఆ మోజు ఇంగ్లిష్ ఛానల్ దాటింది. అందరూ కొనలేరు కదా, ఎడింబరో, నార్విచ్, స్కాట్లండులోని పైస్లీ ఊళ్ళలో నకళ్ళు నేశారు. పైస్లీలో ఎంత చవగ్గా, ఎన్ని నేశారంటే చివరికి డిజైనుకే ఆ ఊరి పేరు పడిపోయింది.

గోదారి_గట్టు
మా రేవుకి బట్ట పేరు, పిందెకి వాళ్ళ ఊరి పేరు. లెక్క సరిపోయింది.

కోఠి_కాలేజీ_97
చాలా రోజులుగా మౌనంగా చదివే బ్యాచ్ నేను, ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నా. హైదరాబాద్ కోఠి విమెన్స్ కాలేజీలో చదివాను. మా కాలేజీ భవనం ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ, ముందు ఎత్తైన స్తంభాలు, మెట్ల పక్కన రాతి సింహాలు, మేము ఆ మెట్ల మీద కూర్చునే టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్ళం. కట్టించింది జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్, నిజాం దగ్గర కంపెనీ రెసిడెంట్, అంటే ప్రతినిధి. ఆయన హైదరాబాద్ కులీనుల ఇంటి అమ్మాయి ఖైరున్నీసాని పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. ఖైరున్నీసా పరదా పాటించేది కాబట్టి భవనం అంతా తిరిగి చూడలేదని, ఆమె కోసం బొమ్మరిల్లులా దాని నమూనా కట్టించాడని మాకు చెప్పేవారు, ఆ నమూనా శిథిలంగా తోటలోనే ఉండేది.

1805లో పిల్లలిద్దర్నీ మద్రాసు నుంచి ఓడెక్కించి ఇంగ్లండులో తాత దగ్గరికి పంపేశారు. పాపకి అప్పటికి మూడేళ్ళు. ఇంట్లో సాహిబ్ బేగం అని పిలుచుకునే పిల్ల అక్కడ కేథరిన్ అరోరా, ముద్దుగా కిటీ అయింది. అదే ఏడాది తండ్రి కలకత్తాలో చనిపోయాడు. తల్లి మళ్ళీ పిల్లల్ని చూడనేలేదు, 1813లో పోయింది. ఓడెక్కే ముందు మద్రాసులో చిన్నరీ అనే చిత్రకారుడు అన్నాచెల్లెళ్ళ బొమ్మ గీశాడు, జరీ పని ఉన్న హైదరాబాదీ బట్టల్లో ఉంటారు ఇద్దరూ. అవే వాళ్ళ చివరి హైదరాబాదీ బట్టలు అయ్యుంటాయని నాకు అనిపిస్తుంది.

మీరు మాట్లాడుతున్న రీజెన్సీ కాలం అంతా ఆ పిల్ల ఇంగ్లండులోనే పెరిగింది. కాబట్టి మల్లీ, ఆ కాలం ఇంగ్లండులో మన ఊరి అమ్మాయి లేదని ఎవరైనా అంటే నమ్మకు. పెద్దయ్యాక 1829లో ఒక సైనికాధికారిని పెళ్ళాడింది. 1840ల్లో, అంటే విడిపోయి ముప్పై ఏళ్ళు దాటాక, హైదరాబాద్‌లో ఇంకా బతికే ఉన్న అమ్మమ్మ షరఫున్నీసాతో ఉత్తరాలు మొదలయ్యాయి. అమ్మమ్మకి ఇంగ్లీషు రాదు, మనవరాలికి పారసీ రాదు. మధ్యలో ఎవరో ఒకరు చదివి వినిపించాలి.

మల్లెమొగ్గ
కోఠి అక్కా, ఇది చదివి ఆఫీసు బాత్రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కొచ్చాను.

నిజం_చేదు
ఇంతకాలం నాకు ఈ సంగతి తెలీదు, థాంక్స్ అండీ. ఎదురు దిశలో వచ్చిన ఆడపిల్లలు కూడా ఉన్నారు. జేన్ ఆస్టెన్ మేనత్త ఫిలడెల్ఫియా, తండ్రి ఆస్తి లేదు, 1752లో ఓడెక్కి మద్రాసు వచ్చింది, మరుసటేడు కడలూరులో కంపెనీ వైద్యుణ్ణి పెళ్ళి చేసుకుంది. ఎందుకొచ్చిందో అందరికీ తెలుసు, మొగుడు దొరుకుతాడని. అక్కడ కట్నం లేని పిల్లకి ఎన్ని దారులున్నాయి మరి.

రాత్రి_బండి
కట్నమా? ఇంగ్లండులోనా?

నిజం_చేదు
మనకంటే పద్ధతిగా, లాయర్ని పెట్టి మరీ. పిల్లకి ఎంత ఇస్తారో ఊరంతా తెలుసు, పత్రికల్లో పెళ్ళి వార్తతో పాటు వేసేవాళ్ళు కూడా. పెళ్ళయిన మరుక్షణం ఆమె నగదు, నగలు, ఒంటిమీద బట్టతో సహా చట్టం ప్రకారం భర్తవి. కలిగినవాళ్ళు ముందే ఒప్పంద పత్రం రాయించుకునేవారు, ఏడాదికి ఇంత చేతిఖర్చు, భర్త పోతే ఇంత భరణం అని. ఆ చేతిఖర్చుకే పిన్ మనీ అని పేరు, సుజాత గారి గుండుసూదులు గుర్తున్నాయిగా. పెళ్ళయిన ఆడదాని సంపాదన ఆమెదే అనే చట్టం 1870లో, ఆస్తి ఆమెదే అనే చట్టం 1882లో వచ్చాయి. విడాకులకి పార్లమెంటులో ప్రత్యేక చట్టం చేయించుకోవాలి, 1857కి ముందు అలా సాధించిన ఆడవాళ్ళు నలుగురే నలుగురు. అందుకే ఆ బాల్‌లో ఎవరితో డాన్సు చేశాం అనేది వాళ్ళకి సరదా కాదు, ఉద్యోగం ఇంటర్వ్యూ.

సూదిదారం_సుజాత
నేను ఒప్పుకోను. నాకు చదువు తక్కువే కానీ బట్టలు కుట్టేదాన్ని కాబట్టి ఆడవాళ్ళు నా దగ్గర మాట్లాడే మాటలు వింటాను. సంబంధాల టెన్షన్ ఎంతున్నా కొత్త జాకెట్ అంచుకి ఏ రంగు పైపింగ్ వేయాలో గంటసేపు నవ్వుతూ తేల్చుకుంటారు. ఆ గంట వాళ్ళది. అక్కడ కూడా అంతే ఉంటుంది. గుడ్డ ఒక కొట్టులో కొని, కుట్టేదాని దగ్గరికి పట్టుకెళ్ళి, పత్రికలో బొమ్మ చూపించి ఇలా కావాలి అనడం, అంతా మన పద్ధతే కదా. రెడీమేడ్ లేదు. ఆకర్‌మన్ అనే ఆయన 1809లో మొదలుపెట్టిన పత్రికలో రంగుల బొమ్మలే కాదు, నిజం గుడ్డముక్కలు అంటించి పంపేవాడట, చేత్తో పట్టి చూసుకోవడానికి. ఇవాళ వాట్సాప్‌లో శాంపిల్ ఫొటో పంపితే రంగు ఒకటి వస్తే గుడ్డ ఒకటి వస్తోంది.

పాత_పుస్తకాల_పురుగు
ఇద్దరి మాటా నాకు ఇష్టమే. ఆస్టెన్ తన అక్కకి రాసిన ఉత్తరాల్లో టోపీ మీద పళ్ళు పెట్టుకోవాలా పూలు పెట్టుకోవాలా అనే చర్చ ఉంది, డబ్బు చాలక పాత గౌనుకి రంగు వేయించే సంగతీ ఉంది. ఆ ఇంట్లోనే జరిగిన ఇంకో ముచ్చట. ఆవిడ మేనమామ భార్యని 1799లో మన మల్లి వెళ్ళబోయే బాత్‌లోనే లేసు దొంగతనం కింద పట్టుకున్నారు. ఇరవై షిల్లింగుల తెల్ల లేసు. కొన్న నల్ల లేసు పొట్లంలో తెల్లది కూడా ఉంది, కొట్టువాళ్ళే పెట్టారని ఆవిడ వాదన. ఇరవై షిల్లింగులంటే ఆ కాలం చట్టంలో ఉరిశిక్ష దాకా పోయే నేరం, తగ్గిస్తే పద్నాలుగేళ్ళు ఆస్ట్రేలియాకి పంపేవాళ్ళు. ఏడు నెలలు జైలరు ఇంట్లో ఉంచారు, భర్త కూడా వెళ్ళి ఆమెతోనే ఉన్నాడు. 1800 మార్చిలో జ్యూరీ నిమిషాల్లో నిర్దోషి అని తేల్చేసింది.

చెంచాడు_చక్కెర
లేసు ముక్కకి ఉరా!

గోదారి_గట్టు
చేత్తో అల్లే లేసంటే మాటలా అండీ. మా వైపు ఆడవాళ్ళు లేసు అల్లడం చూస్తూ పెరిగాను, అరచెయ్యంత ముక్కకి పూట గడిచిపోతుంది.

పాత_పుస్తకాల_పురుగు
అవును, అక్కడా అదే గొడవ. 1808, 1809ల్లో హీత్‌కోట్ లేసు వల నేసే యంత్రానికి హక్కులు తీసుకున్నాడు. 1816లో లఫ్‌బరోలోని అతని మిల్లు మీద పడి యంత్రాలు పగలగొట్టారు. అతను ఊరే వదిలేసి డెవన్‌కి వెళ్ళిపోయాడు.

రాత్రి_బండి
అసలు సోషల్ లైఫ్ గురించి ఎవరూ రాయట్లేదు, ఆ క్లబ్బు ఏదో ఉందిగా, పాసులు ఇచ్చే ఆంటీలు.

కోఠి_కాలేజీ_97
ఆల్‌మాక్స్! లండన్ కింగ్ స్ట్రీట్‌లో, బుధవారం రాత్రి బాల్. పాసు ఎవరికివ్వాలో నిర్ణయించేది ఆడవాళ్ళ కమిటీ, 1814లో ఏడుగురు, లేడీ జెర్సీ, లేడీ కాసిల్‌రే, రష్యా రాయబారి భార్య లీవెన్, ఇలా. డబ్బుంటే చాలదు, వాళ్ళకి నచ్చాలి. అంత ఎగబడి వెళ్తే లోపల పెట్టేది నిమ్మరసం, టీ, పల్చటి బ్రెడ్డు, ఎండు కేకు. మన పెళ్ళిళ్ళలో అలా పెడితే పదేళ్ళు చెప్పుకుంటారు. పదకొండు దాటితే తలుపు వేసేస్తారు, వాటర్లూ యుద్ధం గెలిచిన సేనాని వెల్లింగ్టన్ని కూడా గుమ్మంలోంచి వెనక్కి పంపారని కథ ఉంది. ఒకరు ఆలస్యమని చెప్తారు, ఒకరు ప్యాంటు వేసుకొచ్చాడని చెప్తారు, మోకాళ్ళ దాకా ఉండే నిక్కరు వేసుకోవాలట.

నిజం_చేదు
వెల్లింగ్టన్ని గుమ్మం దగ్గర ఆపగలిగిన ఆడవాళ్ళకి ఓటు హక్కు లేదు. సరే, ఇంక అనను.

సూదిదారం_సుజాత
అనండి, మంచి మాటే. 🙂

పాత_పుస్తకాల_పురుగు
లండన్ బయట ఇంత దర్జా లేదు. చిన్న ఊళ్ళలో బాల్ పెట్టాలంటే పంచాంగం చూసేవారు, పున్నమికి దగ్గర రోజు, ఎందుకంటే రాత్రి రెండింటికి బండి కట్టుకుని ఇంటికి పోవాలంటే దారిలో వెన్నెలే దీపం. జారకుండా నేల మీద సుద్దతో పూలూ లతలూ వేసేవారు, డాన్సు అయ్యేసరికి అన్నీ చెరిగి గౌను అంచులకి అంటుకుని ఉండేవి.

చెంచాడు_చక్కెర
ముగ్గు వేసి దాని మీద డాన్సు! మా అమ్మ చూస్తే కాళ్ళు విరగ్గొట్టేది.

కోఠి_కాలేజీ_97
రాణిగారి దర్బారుకి వెళ్ళే అమ్మాయిల అవస్థ చెప్పడం మర్చిపోయాం. ఫ్యాషన్ మారి పాతికేళ్ళైనా దర్బారులో మాత్రం పాతకాలపు బుట్ట పరికిణీ కట్టాల్సిందే. నడుం పట్టీ ఛాతీ కింద, బుట్ట అక్కణ్ణుంచే మొదలు, తల మీద నిప్పుకోడి ఈకలు. బొమ్మ వెతికి చూడండి, ధాన్యం గాదెకి తల మొలిచినట్టు ఉంటుంది. 1820లో నాలుగో జార్జి వచ్చాకే ఆ బుట్ట తీసేశారు.

మల్లెమొగ్గ
చివరి రెండు ప్రశ్నలు, ప్రామిస్. చెప్పులు ఏం వేసుకోవాలి, తెల్ల చీర బురదైతే ఎలా?

సూదిదారం_సుజాత
మడమ ఎత్తు లేని చెప్పులు, బ్యాలే షూస్ లాంటివి. అసలువి పట్టు గుడ్డతో చేసినవి, ఒక రాత్రి డాన్సుకే అరిగిపోయేవట. బురదలో నడవడానికి కింద ఇనుప రింగు ఉన్న చెక్క పావుకోళ్ళు తగిలించుకునేవారు, రాళ్ళ వీధిలో టకటకమని చప్పుడు. ఉతకడానికి, జాడించేటప్పుడు ఆఖరి నీళ్ళలో రెండు చుక్కలు నీలిమందు వేయి, వాళ్ళూ అదే చేసేవారు. జరీ దగ్గర బ్రష్ పెట్టకు.

మోడరేటర్
దారం బాగా నడుస్తోంది, తెరిచే ఉంచుతున్నాను. ఫొటోలు పెడితే మొహాలు కనబడకుండా చూసుకోండి.

మల్లెమొగ్గ (రెండు నెలల తర్వాత)
వెళ్ళొచ్చాను! అమ్మ చీర కత్తిరించే రోజు వంటింట్లోకి వెళ్ళిపోయి తలుపేసుకుంది, గౌను వేసుకుని నిలబడితే మాత్రం చుట్టూ తిరిగి చూసి 'వెనకాల కుచ్చులు ఇంకొంచెం ఎక్కువ పెట్టాల్సింది' అంది. సుజాతక్క చెప్పినట్టే కుట్టించాను, మొదటి టైలర్ నడుం పట్టీ కిందే పెట్టేశాడు, విప్పించి మళ్ళీ కుట్టించాను. ఆ రోజు ఊరేగింపు మొదలవ్వకముందే వాన. బాత్ రాళ్ళ వీధులు, పల్చటి చెప్పులు, పదినిమిషాల్లో పాదాలు మొద్దుబారాయి. రాత్రి_బండి గారూ, తడిసిన మస్లిన్ ఒంటికి అంటుకుంటే ఎలా ఉంటుందో నేను సాక్ష్యం. ఎవరూ కావాలని అలా తడుపుకోరు!

పక్కన నడుస్తున్న ఒక పెద్దావిడ నా జరీ అంచు చూసి ఎక్కడిది అని అడిగింది. వెంకటగిరి అని చెప్పి, మాధవాయపాలెం కూడా చెప్పేశాను. ఆవిడ ఒకప్పుడు కర్టెన్ల కొట్టు నడిపిందట, మడపొల్లాం అనగానే 'ఓ, లైనింగ్' అంది.

సూదిదారం_సుజాత
మా అమ్మ మాటే! జేబు పెట్టించావా?

మల్లెమొగ్గ
లంగా కింద తాడు కట్టి పెట్టుకున్నా, కుడిపక్క గౌనులో చీలిక. ఇన్‌హేలర్, ఫోను, రైలు టికెట్, ఒక పల్లీచిక్కీ. ఫోను ఒక్కటే బరువుకి కిందకి జారి మోకాలికి కొట్టుకుంటూ ఉంది.

సూదిదారం_సుజాత
తాడుకి కాదు, పట్టీకి కుట్టాల్సింది. వచ్చేసారి వచ్చినప్పుడు పట్టుకురా, నేను వేసిస్తాను.